మన సంతకం ఎవరి ఫోనులో ఉంది?

ఈ సంపాదకీయం రాయడానికి కూర్చున్న వారంలోనే మా ఇంట్లో వాషింగ్ మెషిన్ ఆగిపోయింది. రెండేళ్ళ క్రితం నా జీతంలోంచి కొన్నదే. కొన్న రోజు బిల్లు రాసే కుర్రవాడు "సార్ నంబరు చెప్పండి మేడమ్" అన్నాడు. పక్కనే ఉన్న నా సహచరుడు తన నంబరు చెప్పాడు. నేనూ పట్టించుకోలేదు. ఇప్పుడు ఫిర్యాదు చేయబోతే, రిజిస్టరయిన నంబరు నుంచే చేయాలన్నారు. ఆయన చేశాడు. మూడోరోజు మెకానిక్ వచ్చాడు. పని మొదలుపెట్టాలంటే ఓటీపీ కావాలన్నాడు. అది ఆయన ఫోనుకు వెళ్ళింది. ఆయన మీటింగులో ఉండి ఫోను తీయలేదు. మెకానిక్ పావుగంట చూసి వెళ్ళిపోయాడు. సాయంత్రానికి "కస్టమర్ అందుబాటులో లేరు" అని రాసి ఆ ఫిర్యాదును మూసేశారు. మెషిన్ పక్కనే తడిబట్టల బకెట్టుతో నిలబడి ఉన్న నేను అందుబాటులో లేనట!

"అమ్మా, నీకు ఈ టెక్నాలజీ రాదులే" అన్నాడు మా అబ్బాయి, నవ్వుతూనే. సమాజశాస్త్రంలో డాక్టరేట్ చేసి, ఇరవై ఏళ్ళుగా పరిశోధనా పద్ధతులు బోధిస్తున్న నేను ఆ మాటను కాసేపు నమ్మాను కూడా. ఏ పని ఆగినా తప్పు మనదేననుకోవడం మనకు చిన్నప్పటినుంచీ అలవాటు చేశారు. తర్వాత నిదానంగా ఆలోచిస్తే, రాకపోవడం అనే సమస్యే అక్కడ లేదని అర్థమయింది. డబ్బు నాది, బట్టలు ఉతికే బాధ్యత నాది, మెకానిక్ కోసం సెలవు పెట్టింది నేను. ఆ యంత్రానికి యజమానిగా గుర్తింపు పొందింది మాత్రం ఇంకొకరు.

ఆ తర్వాతి వారం మహబూబ్‌నగర్ జిల్లాలో ఒక ఊళ్ళో పొదుపు సంఘాల స్త్రీలతో సమావేశం ఉంటే ఈ సంగతి సరదాగా చెప్పాను. నవ్వుతారనుకున్నాను. ఎవరూ నవ్వలేదు. మీ బ్యాంకు ఖాతాకు ఎవరి నంబరు ఇచ్చారు అని అడిగితే ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. భర్తది, కొడుకుది, మరిదిది, ఒకామెది పక్కింటి పిల్లవాడిది. తన నంబరే అని చెయ్యెత్తినవాళ్ళు చాలా తక్కువ. ఆ ప్రాంతం నుంచి పనులకోసం వలసపోవడం తరతరాలుగా ఉన్నదే. మగవాళ్ళు పట్నానికో, పూణేకో పోతే ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ వాళ్ళతోపాటే పోతుంది. "నా పైసలు ఖాతాల పడ్డయో లేదో నా కొడుకు చెప్తేనే నాకు తెలుస్తది అక్కా" అంది ఒక పెద్దావిడ. ఇంకొకామె సమావేశం అయ్యాక పక్కకు తీసుకెళ్ళి చెప్పింది. ఆమె పేరుమీద కొడుకు ఫోన్లో అప్పు తీసుకున్నాడు. ఆధార్ ఆమెది, ఖాతా ఆమెది, ఓటీపీ వచ్చింది అతని ఫోనుకు. వసూలువాళ్ళు ఆమె అన్నదమ్ములకు ఫోన్లు చేసి తిట్టేదాకా ఆమెకు ఆ అప్పు సంగతే తెలియదు. "నేను ఏడ సంతకం పెట్టిన అక్కా?" అని అడిగింది.

ఆ ప్రశ్నకు జవాబు వెతకడమే ఈ సంపాదకీయం ఉద్దేశం.

సంతకంతో మన ఉద్యమాలకు దగ్గర సంబంధం ఉంది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో రాత్రిపూట అక్షరాలు నేర్చుకోవడానికి కూర్చున్న స్త్రీలే దూబగుంటలో సారాకు ఎదురు నిలిచారు. ఆ పోరాటం జిల్లాలు దాటి, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా అమ్మకాలను నిషేధించేదాకా తీసుకెళ్ళింది. వేలిముద్ర వేసే చేయి సంతకం పెట్టడం నేర్చుకుంటే ఎంత దూరం పోగలదో అప్పుడు చూశాం. అంతకు ముందే, 1986లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ హిందూ వారసత్వ చట్టానికి చేసిన సవరణతో పెళ్ళికాని కూతుళ్ళకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానమైన వాటా వచ్చింది. 2005లో ఆ హక్కు దేశమంతటా కూతుళ్ళందరికీ వర్తించింది. పట్టా స్త్రీ పేరున ఉండాలని, ఇల్లు ఆమె పేరున ఉండాలని, ఖాతా ఆమె పేరున ఉండాలని మనం అడిగాం. చాలావరకు సాధించుకున్నాం కూడా.

కానీ కాగితం మీద సంతకం విలువ మన కళ్ళముందే తగ్గిపోయింది. ఈరోజు ఖాతాలోంచి డబ్బు కదలాలన్నా, ఆధార్‌తో ముడిపడిన దరఖాస్తు ముందుకు సాగాలన్నా, గ్యాసు బండ ఇంటికి చేరాలన్నా కావలసింది ఫోనుకు వచ్చే నాలుగు లేదా ఆరు అంకెలు. ఆ అంకెలే కొత్త సంతకం. పేరు ఆమెది, ఫోను అతనిది అయినప్పుడు ఆమె సంతకం అతని జేబులో ఉన్నట్టే. పాత సంతకాన్ని ఫోర్జరీ చేస్తే అది నేరమని అందరికీ తెలుసు. అమ్మ ఓటీపీ కొడుకు కొడితే దాన్ని సాయం అంటున్నాం.

ఇది ఒక ఊరి సంగతి కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, తాము స్వయంగా వాడుకునే ఫోను ఉందని చెప్పిన 15-49 ఏళ్ళ స్త్రీలు దేశం మొత్తంమీద సుమారు 54 శాతం. తెలంగాణలో 60 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 49 శాతం. ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడామని చెప్పినవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీలు 21 శాతమైతే పురుషులు దాదాపు 49 శాతం. తెలంగాణలో స్త్రీలు సుమారు 26 శాతం, పురుషులు సుమారు 57 శాతం. ఆ తర్వాత ఫోన్లు చాలా ఇళ్ళకు చేరాయి, నిజమే. కరోనా కాలంలో ఆన్‌లైన్ పాఠాలకోసం అప్పుచేసి కొన్న ఇళ్ళున్నాయి. కానీ ఇంట్లోకి ఫోను రావడం వేరు, ఇంట్లో ఆడమనిషికి ఫోను ఉండటం వేరు. రేషన్ కార్డులాగా ఫోనును కూడా కుటుంబానికి ఒకటి చొప్పున లెక్కపెడితే అసలు విషయం కనిపించదు.

యంత్రాల సంగతి కూడా ఇలాంటిదే. మిక్సీ, గ్రైండరు, వాషింగ్ మెషిన్ వచ్చాక ఆడవాళ్ళకు పనేముంది అనే మాట మనందరం విన్నదే. అమెరికా చరిత్రకారిణి రూత్ ష్వార్ట్జ్ కోవన్ 1983లో వచ్చిన తన పుస్తకంలో ఈ నమ్మకాన్నే పరీక్షకు పెట్టింది. యంత్రాలు రావడంతో మగవాళ్ళూ పిల్లలూ చేసే పనులు తగ్గాయి తప్ప ఇల్లాలి పని గంటలు తగ్గలేదని చూపించింది. శుభ్రతకు కొలబద్ద పెరిగింది. వారానికోసారి ఉతికే దుప్పట్లు రెండురోజులకోసారి ఉతకాల్సి వచ్చింది. మన దగ్గరా అంతే. ప్రభుత్వం జరిపిన సమయ వినియోగ సర్వేల్లో, ఇంటిపని చేస్తామన్న స్త్రీలు 2019లో రోజుకు సగటున 299 నిమిషాలు ఆ పనికి వెచ్చించారు. 2024లో 289 నిమిషాలు. అయిదేళ్ళలో తగ్గింది పది నిమిషాలు. ఇంటిపని చేస్తామన్న పురుషుల సమయం 97 నుంచి 88 నిమిషాలకు తగ్గింది. ఇక ఆ యంత్రం పాడైతే ఫిర్యాదు చేయడం, ఎదురుచూడటం, బాగయ్యేదాకా చేత్తో ఉతకడం ఏ సర్వేలోనూ విడిగా కనిపించని పని. బడి నుంచి వచ్చే మెసేజీలు చూసి హోంవర్కు రాయించడం, కరెంటు బిల్లు కట్టడం, అత్తగారి మందులు ఆర్డరు పెట్టడం ఇప్పుడు ఫోనులో చేసే చాకిరీ. ఇది చేస్తున్నంతసేపూ "ఎప్పుడూ ఫోను పట్టుకునే ఉంటావు" అనే మాట కూడా పడాలి.

ఫోను చేతికి వచ్చాక మాట స్వేచ్ఛ వస్తుందా? నా అనుభవం ఒకటి చెప్పాలి. మా కుటుంబానికి ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. అందులో అత్తమామల నుంచి అమెరికాలో ఉన్న ఆడపడుచు పిల్లలదాకా అందరం ఉన్నాం. పొద్దున్నే శుభోదయాలు, పండక్కి పిండివంటల ఫోటోలు, మధ్యలో భార్యల మీద జోకులు. ఒకరోజు భార్యను కొట్టడం గురించిన జోకు ఒకటి వచ్చింది. ఇందులో నవ్వడానికి ఏముంది అని రాశాను. ఎప్పుడూ సందడిగా ఉండే గ్రూపు రెండుగంటలు మౌనంగా ఉంది. తర్వాత మరిది రాశాడు: "సరదాకి పెట్టింది వదినా, ప్రతిదాన్నీ ఉపన్యాసం చేస్తే ఎలా?" దానికింద వరసగా నవ్వే బొమ్మలు. నాకు ఎప్పుడూ ఫోను చేయని పెద్దమ్మగారు ఫోను చేసి "మగపిల్లలు ఏదో అనుకుంటారమ్మా, నువ్వు చదువుకున్నదానివి, సర్దుకోవాలి" అంది. పక్కగదిలో ఉన్న నా సహచరుడు వచ్చి "ఎందుకీ గొడవ, తీసెయ్యరాదూ" అన్నాడు. తీసేశాను. నా మాట తీసేశాను. జోకు మాత్రం అలాగే ఉండిపోయింది.

ఇది చెప్పుకోవడానికి నాకు సిగ్గుగానే ఉంది. వేదికలమీద గృహహింస గురించి మాట్లాడే మనిషిని, ఇంటి గ్రూపులో ఒక వాక్యాన్ని నిలబెట్టుకోలేకపోయాను. బజారులో ఎవరో అన్న మాటకు ఎదురు తిరగడం కన్నా బంధువుల మధ్య అన్న మాటకు ఎదురు తిరగడం కష్టమని మనకు ఎప్పుడో తెలుసు. ఫోను ఆ నట్టింటిని ఇరవై నాలుగు గంటలూ మన చేతిలో పెట్టింది. పుట్టింటికి వెళ్ళినా, ఆఫీసులో ఉన్నా ఆ నట్టింట్లోనే ఉంటాం. ఎప్పుడు మేలుకున్నామో, సందేశం చూసి కూడా ఎందుకు జవాబివ్వలేదో అందరికీ కనిపిస్తుంది. "రాత్రి పన్నెండింటికి ఆన్‌లైన్‌లో ఉన్నావట" అనే ప్రశ్న ఎదుర్కోని కోడళ్ళు, కూతుళ్ళు మనలో ఎంతమంది?

ఈ నిఘా కోర్టుల దాకా కూడా వెళ్ళింది. భార్య తన తల్లిదండ్రులతో, స్నేహితులతో ఫోనులో మాట్లాడుకున్న మాటలను భర్త రహస్యంగా రికార్డు చేసిన ఒక విడాకుల కేసులో, ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అది చట్టవిరుద్ధమని, ఆమె ఆంతరంగికతను భంగపరచడమేనని చెప్పింది. పెళ్ళి చేసుకున్నంత మాత్రాన భార్య మాటలు భర్త సొత్తు కావని చెప్పిన ఆ తీర్పు మన రాష్ట్రంలో వచ్చింది. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఆంతరంగికత ప్రాథమిక హక్కు అని ప్రకటించింది. అయితే 2025 జులై 14న సుప్రీంకోర్టే ఇంకొక కేసులో, భార్యాభర్తలు ఒకరికి తెలియకుండా ఒకరు చేసిన రికార్డులను వారి మధ్య వైవాహిక వివాదాల్లో సాక్ష్యంగా తీసుకోవచ్చని తీర్పు చెప్పింది. నిఘా పెట్టుకునేదాకా వచ్చిందంటే ఆ బంధం అప్పటికే చెడిందన్నది కోర్టు అభిప్రాయం.

ఈ తీర్పును ఒక్క ముక్కలో మంచిదనో చెడ్డదనో అనలేం. నాలుగు గోడల మధ్య దెబ్బలు, బెదిరింపులు భరించే స్త్రీకి వేరే సాక్షులుండరు. తన ఫోనులోని రికార్డే ఆమెకు మిగిలే ఆధారం. ఆ దారి మూసుకుపోవాలని మనం కోరుకోలేం. కానీ రికార్డు చేసుకోవడానికి ఫోను ఎవరి చేతిలో ఉంది? పాస్‌వర్డ్ ఎవరికి తెలుసు? భార్య ఫోను భర్త తనిఖీ చేయడం హక్కుగా, భర్త ఫోను భార్య ముట్టుకోవడం అనుమానంగా చూసే ఇళ్ళలో ఇద్దరికీ సమానంగా ఇచ్చిన ఈ వెసులుబాటు సమానంగా పనిచేయదు. కౌన్సెలింగ్ కేంద్రాల్లో పనిచేసే మిత్రులు ఈ తేడాను కోర్టుల ముందు పెట్టాలి.

ఇంట్లో ఉన్న ఈ అసమానత మీదే ప్రభుత్వాలు తమ పథకాలను కడుతున్నాయి. ఉపాధి హామీ పనుల దగ్గర రోజుకు రెండుసార్లు కూలీల ఫోటోలు యాప్‌లో ఎక్కించడం 2023 జనవరి నుంచి తప్పనిసరి చేశారు. సిగ్నల్ లేక చేసిన పనికి హాజరు పడని సందర్భాలున్నాయి. అంగన్‌వాడీ నుంచి ఇంటికి తీసుకెళ్ళే పోషకాహారానికి 2025 జులై 1 నుంచి ముఖ గుర్తింపు పెట్టారు. దానికి ముందు ఆధార్‌కు ముడిపెట్టిన ఫోనుకు ఓటీపీ రావాలి. ఆ ఫోను కూలికి పోయిన భర్త దగ్గర ఉంటుంది. గర్భిణి కేంద్రం గడపలో నిలబడి ఉంటుంది. టీచరు ఒకచేత్తో పసివాళ్ళను చూస్తూ ఇంకోచేత్తో ఫోను పైకెత్తి సిగ్నల్ వెతుకుతుంది. ఆహారం అందకపోతే తిట్టు టీచరుకు, ఆకలి గర్భిణికి. నిబంధన రాసినవారి దాకా ఆ కోపం వెళ్ళదు. మెకానిక్ రాసిన "కస్టమర్ అందుబాటులో లేరు" అనే మాట ఇక్కడ ఆకలి రూపంలో కనిపిస్తుంది.

కనుక ఇది మనకు ఫోను వాడటం రావడం, రాకపోవడం గురించిన చర్చ కాదు. డిజిటల్ అక్షరాస్యత పేరుతో ఒకరోజు శిక్షణ పెట్టి, యాప్‌లు నొక్కడం నేర్పి, ఫోటో తీసుకుని ముగించే కార్యక్రమాలు చాలానే జరుగుతున్నాయి. అవి వద్దని కాదు. నొక్కడం నేర్చుకున్న వేలికి సొంత ఫోను లేకపోతే ఆ చదువు ఎందుకు? మనం అడగవలసింది ఆస్తి హక్కుతో సమానంగా నంబరు హక్కు.

సంఘాల్లో వెంటనే చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. ప్రతి సభ్యురాలి బ్యాంకు ఖాతాకు, ఆధార్‌కు ఎవరి నంబరు ఉందో ఒకసారి కూర్చుని చూసుకుందాం. ఆధార్ కేంద్రానికి వెళ్ళి వేలిముద్రతో నంబరు మార్చుకోవచ్చు. పాత నంబరు ఉన్న మనిషి అనుమతి అక్కర్లేదు. బ్యాంకులో మార్పుకు శాఖకు వెళ్ళి రాతపూర్వకంగా ఇవ్వాలి. పదిమంది కలిసి వెళితే విసుక్కునే గుమస్తా కూడా కూర్చోబెట్టి చేస్తాడు. మోసపోయి డబ్బు పోతే గంటలు గడవకముందే 1930కి ఫోను చేయాలి. కొన్న వస్తువు విషయంలో అన్యాయం జరిగితే 1915 వినియోగదారుల సహాయ నంబరు. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం జిల్లా కమిషన్‌కు కూడా వెళ్ళవచ్చు. యాప్ అప్పుల విషయంలో, రుణగ్రహీత ఫోనులోని నంబర్ల జాబితాను ముట్టుకోకూడదని 2022 సెప్టెంబరులోనే రిజర్వు బ్యాంకు మార్గదర్శకాలు ఇచ్చింది. బంధువులకు ఫోన్లుచేసి తిట్టేవారి ఎదుట ఈ మాట గట్టిగా చెప్పాలి.

ప్రభుత్వాన్ని అడగాల్సింది ఒక్కటే. ఫోను లేదనో, ఓటీపీ రాలేదనో, ముఖం సరిపోలలేదనో ఏ స్త్రీకీ తిండి, కూలి, పింఛను ఆగకూడదు. మనిషి ఎదురుగా నిలబడి ఉంటే, నమోదు పుస్తకంలో సంతకమో వేలిముద్రో తీసుకుని ఇచ్చే పద్ధతి ఎప్పుడూ తెరిచే ఉండాలి.

ఇతరులకు చెప్పేముందు మన ఇల్లు చూసుకుందామని ఈ పత్రిక చందాదారుల జాబితా తీసి చూశాను. పేర్లు స్త్రీలవి. ఎదురుగా ఉన్న నంబర్లలో కొన్నిటికి ఫోను చేస్తే మగ గొంతులు పలికాయి. "ఆమె పనిలో ఉంది, విషయం నాకు చెప్పండి" అన్నారు. మన చందా ఫారంలో "ఇంటి ఫోను" అని అచ్చువేసింది మనమే. సంస్థలు వాడే సర్వే ఫారాల్లో, సభ్యత్వ పుస్తకాల్లో, హాజరు పట్టీల్లో కూడా ఇదే గడి ఉంది. వచ్చే సంచిక నుంచి మన ఫారంలో "మీ సొంత నంబరు, ఉంటే" అని ఉంటుంది. లేనివారికి ఉత్తరం రాస్తాం.

వాషింగ్ మెషిన్ నంబరు మార్చమని నేను కంపెనీకి ఫోను చేశాను. "పాత నంబరుకు ఓటీపీ వెళ్తుంది మేడమ్, సార్‌ను అడిగి చెప్పండి" అంది అవతలి అమ్మాయి. ఆమెదీ ఉద్యోగమే, ఆమె మీద కోపం తెచ్చుకోలేదు. హాల్లో కూర్చున్న ఆయన నాలుగంకెలు చదివాడు. ఇప్పుడది నా పేరుమీదే కాదు, నా నంబరు మీద కూడా ఉంది. కుటుంబ గ్రూపులో నేను తీసేసిన వాక్యాన్ని మళ్ళీ రాశాను. ఈసారి తీయలేదు. రెండుగంటల మౌనం తర్వాత అమెరికా నుంచి ఆడపడుచు కూతురు "అత్తా, నాకూ ఆ జోకు నచ్చలేదు" అని రాసింది.

మీ ఇళ్ళలో, మీ సంఘాల్లో ఇలాంటివి ఎన్నో ఉంటాయి. చిన్న చికాకులని పక్కన పెట్టకుండా రాయండి. వచ్చే సంచికలో వాటికి చోటు కేటాయిస్తున్నాం.